తోకచుక్క ఎక్కడుందో చెబుతుంది, ఎంత వెలుగో అడక్కండి: స్టెల్లేరియం రివ్యూ

నమస్కారం అండీ. ఇవాళ రివ్యూ ఆకాశంలో ఏది ఎక్కడుందో కంప్యూటర్లో చూపించే స్టెల్లేరియం డెస్క్‌టాప్ వెర్షన్‌కి. అది కూడా మొత్తానికి కాదు, తోకచుక్కల్ని వెంటాడటానికి ఎంతవరకు పనికొస్తుందో అంతవరకే. స్పాన్సర్ లేరు, డిస్కౌంట్ కోడ్ కూడా లేదు. ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్‌కి డిస్కౌంట్ ఏం ఇస్తాం! ఏ ల్యాప్‌టాప్ కావాలి, ఎలా ఇన్‌స్టాల్ చేయాలి అన్నవి ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు, నేను వాటి జోలికి పోను.

కొత్త తోకచుక్క పేరు సెర్చ్‌లో కొడితే దొరకదు. సాఫ్ట్‌వేర్ పాడైపోలేదండీ, దాని కక్ష్య ఇంకా లోపలికి రాలేదు, అంతే. ఎఫ్2 నొక్కండి, ప్లగిన్స్‌లోకి వెళ్ళండి, సోలార్ సిస్టమ్ ఎడిటర్ అని ఉంటుంది. స్టార్టప్‌లో లోడ్ అవ్వాలని టిక్ పెట్టి, స్టెల్లేరియం మూసేసి మళ్ళీ తెరవండి. చాలామంది ఈ రీస్టార్ట్ చేయరు, చేయకుండా కాన్ఫిగర్ బటన్ పనిచేయడం లేదంటారు. తెరిచాక ఇంపోర్ట్ నొక్కి, తోకచుక్కలు ఎంచుకుని, తోకచుక్కల కక్ష్యల లెక్కలు ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ లిస్టు దింపుకోండి. కావాల్సినవి టిక్ చేసి యాడ్ కొట్టండి.

వెతికేటప్పుడు పేరుతో కాకుండా నంబరుతో వెతకండి. ఒకప్పుడు కనిపెట్టిన మనిషి పేరు పెట్టేవారు. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు పేరు మీద 1949 నాటి తోకచుక్క ఒకటుంది, బప్పు-బోక్-న్యూకిర్క్ అని. ఇప్పుడు కనిపెట్టేవి ఎక్కువగా సర్వే టెలిస్కోపులు, అందుకే ఎటు చూసినా అట్లాస్ అనే సర్వే పేరే. సి/2019 వై4 అట్లాస్, సి/2024 జి3 అట్లాస్, సి/2023 ఎ3 పేరు చివరా అట్లాసే.

ఆ ఎ3నే స్క్రీన్ మీద పెడుతున్నాను, చూడండి. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చింది 2024 సెప్టెంబరు 27.74న. ఆ దూరం 0.391 ఏయూ (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం ఒక ఏయూ). ఎక్సెంట్రిసిటీ, అంటే కక్ష్య ఎంత సాగి ఉందన్న అంకె, 1.0001. హేలీది 0.967 కాబట్టి 76 ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ఒకటి దాటితే కక్ష్య మూసుకోదు, దాని కోసం మనం ఎదురుచూడక్కర్లేదు. కక్ష్య వంపు 139.1 డిగ్రీలు. 90 దాటిందంటే గ్రహాలు తిరిగే దిక్కుకి ఎదురు తిరుగుతోందని. వీటి పక్కనే ఎపోక్ అని ఒక తేదీ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఈ అంకెలన్నీ ఖచ్చితంగా ఆ రోజుకి సరిపోయేవి. స్టెల్లేరియం అక్కణ్ణుంచి సూర్యుడొక్కడే ఉన్నట్టు కెప్లర్ లెక్క వేసుకుంటూ పోతుంది. గురుడు లాగేది లెక్కలోకి రాదు. తోకచుక్క నుంచి గ్యాస్ చిమ్మి దాన్నే పక్కకి నెట్టేది కూడా రాదు. ఆ నెట్టుడు చిన్నదేం కాదు, దాని వల్లే హేలీ ప్రతి రాకకీ నాలుగు రోజులు ఆలస్యం అవుతుంది.

అందుకని తోకచుక్క మనకి దగ్గరగా ఉన్న రోజుల్లో వారానికోసారి మళ్ళీ ఇంపోర్ట్ చేసి, ఉన్నదాన్నే అప్‌డేట్ చేయండి. 10×50 బైనాక్యులర్‌లో ఆరేడు డిగ్రీల ఆకాశం పడుతుంది కాబట్టి కొంచెం తేడా ఉన్నా కళ్ళబడుతుంది. టెలిస్కోప్‌లో హై పవర్ వేశారో, వెతికి వెతికి మెడ పట్టేస్తుంది. టైమ్ కూడా చూసుకోండి. 2024 అక్టోబరు మధ్యలో ఎ3 రోజుకి సుమారు 5 డిగ్రీలు నడిచింది. అంటే గంటకి 0.2 డిగ్రీ, మూడు గంటల్లో ఒక నిండు చందమామ వెడల్పు కన్నా ఎక్కువ.

రోజువారీ టేబుల్ కావాలంటే ఎఫ్10, ఎఫిమెరిస్ ట్యాబ్. నాసా జేపీఎల్ హొరైజన్స్‌తో సరిచూసుకుంటే మంచిది, దాంట్లో గ్రహాల లాగుడు కూడా కలుస్తుంది. హైదరాబాద్ అయితే అక్షాంశం 17.4 ఉత్తరం, రేఖాంశం 78.5 తూర్పు, టైమ్ జోన్ ప్లస్ 5:30. టైమ్ జోన్ యూనివర్సల్ టైమ్ (గ్రీనిచ్ టైమ్) మీద ఉండిపోతే టేబుల్ కూడా దాంట్లోనే వస్తుంది, మీరు సాయంత్రం అనుకునేది అర్ధరాత్రి అవుతుంది.

ఇంతవరకు నాకే పేచీ లేదు. పేచీ అంతా మాగ్నిట్యూడ్ అన్న ఒక్క అంకెతోనే. అది వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. స్థానం పంచాంగం లాంటిది, మాగ్నిట్యూడ్ జాతకం లాంటిది. స్టెల్లేరియం రెండింటినీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే ధీమాతో, పక్కపక్కనే చూపిస్తుంది. దశాంశం తర్వాత రెండంకెలు కూడానూ!

ఆ అంకె ఎలా వస్తుందో చూపిస్తాను, పెన్ను తీసుకోండి. హెచ్ అనే మూల విలువకి, భూమి నుంచి ఏయూల్లో దూరం లాగ్‌ని (లాగరిథమ్‌ని) 5తో గుణించి కలపాలి, తర్వాత సూర్యుడి నుంచి దూరం లాగ్‌ని రెండున్నర ఎన్‌తో గుణించి కలపాలి. హెచ్ 6, భూమి దూరం 0.5, సూర్యుడి దూరం 0.4 అనుకోండి. ఎన్ 4 అయితే మాగ్నిట్యూడ్ 0.5 వస్తుంది. ఎన్ 3 అయితే 1.5. ఇక్కడ ఎన్ అంటే సూర్యుడు దగ్గరయ్యేకొద్దీ తోకచుక్క ఎంత రెచ్చిపోతుందన్న అంచనా. కొత్తగా దొరికిన దాని ఎన్ ఎవరికీ తెలియదు, ఆనవాయితీగా 4 వేసేస్తారు.

ఇక్కడే ఒక గుంట ఉంది, జాగ్రత్త. జేపీఎల్ వాళ్ళు ఈ రెండున్నర ఎన్‌ని ముందే గుణించేసి కే1 అని ఇస్తారు, ఎన్ 4 అయితే కే1 10. స్టెల్లేరియం ఫైల్లో స్లోప్ పారామీటర్ అన్నచోట 4 ఉండాలి. జేపీఎల్ చూసి 10 రాశారనుకోండి, అది మళ్ళీ రెండున్నరతో గుణించుకుంటుంది. ఇందాకటి తోకచుక్కే మైనస్ 5.5 అవుతుంది, శుక్రుణ్ణి మించి! అది నమ్మి ఊరంతా మేడ ఎక్కితే తిట్లు మీకే.

సూత్రంలో లేనివి ఇంకా ఉన్నాయి. పెంకుటింటి కంతలోంచి పడే ఎండకి ఎదురుగా చూస్తే గాల్లో దుమ్ము తళతళలాడుతుంది కదా, ఎ3కి 2024 అక్టోబరు 9 ప్రాంతంలో జరిగింది అదే. దాదాపు మనకీ సూర్యుడికీ మధ్యకొచ్చి, సూత్రం చెప్పినదానికన్నా చాలా ఎక్కువ వెలిగింది. 17పి హోమ్స్ అనే తోకచుక్క 2007 అక్టోబరులో మాగ్నిట్యూడ్ 17 నుంచి 3 లోపలికి రెండ్రోజుల్లో ఎగబాకింది. సి/2019 వై4 మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నారో, 2020 ఏప్రిల్‌లో ముక్కలైపోయింది. ఐసాన్ అనే ఇంకో తోకచుక్క 2013 నవంబరు 28న సూర్యుణ్ణి చుట్టే క్రమంలోనే చెదిరిపోయింది.

దిగంతం దగ్గర గాలి తినే వెలుగు వేరే. స్టెల్లేరియం ఎయిర్‌మాస్ కూడా చూపిస్తుంది, అంటే మన చూపు ఎంత మందం గాలిలోంచి పోతోందో చెబుతుంది, అది మెచ్చుకోవాలి. 5 డిగ్రీల ఎత్తులో ఎయిర్‌మాస్ సుమారు 10. కొండమీది శుభ్రమైన గాలికి ఎయిర్‌మాస్‌కి 0.13 చొప్పున పోతే వెలుగు 1.3 మాగ్నిట్యూడ్లు తగ్గుతుంది, మన ఊళ్ళ దుమ్ముకి 0.3 చొప్పున వేస్తే ఏకంగా 3. ఎట్మాస్ఫియర్ సెట్టింగ్స్‌లో ఈ విలువ మార్చుకోండి.

మరి వెలుగు ఎలా తెలుస్తుంది? కంటితో కొలవడమే. తోకచుక్కని ఫోకస్‌లో పెట్టి దాని మసక ఎంతుందో గుర్తుపెట్టుకోండి. తర్వాత అదే ఎత్తులో ఉన్న నక్షత్రాల మీదికి తిప్పి, అవి తోకచుక్క అంత పెద్దగా ఉబ్బేదాకా ఫోకస్ చెడగొట్టండి. ఒకటి దానికన్నా వెలుగు, ఇంకొకటి తక్కువ. మధ్యలో ఎక్కడ పడుతుందో అంచనా వేయండి. చుక్కని చుక్కలాగే ఉంచి పోల్చితే తోకచుక్క మసగ్గా అనిపిస్తుంది, ఎందుకంటే దాని వెలుగు పరుచుకుని ఉంటుంది.

నోట్‌బుక్‌లో టైమ్ యూనివర్సల్‌లో, రోజులో భాగంగా రాయండి. అక్టోబరు 15 సాయంత్రం 6:45 అంటే 13:15 యూటీ, అంటే 15.55. పక్కన మాగ్నిట్యూడ్, లెన్స్ 5 సెంటీమీటర్లు, పవర్ 10, తల వెడల్పు ఆర్క్ నిమిషాల్లో, మధ్యలో ఎంత చిక్కగా ఉందో 0 నుంచి 9 వరకు. ఇలాంటివి పది పదిహేను పోగయ్యాక భూమి దూరం వాటా తీసేసి, సూర్యుడి దూరం లాగ్‌కి ఎదురుగా గ్రాఫ్ గీయండి. గీత వాలే రెండున్నర ఎన్, సూర్యుడి దూరం 1 దగ్గర తగిలేది హెచ్. స్లోవేనియా నుంచి నడిచే కాబ్స్ డేటాబేస్‌లో అందరూ పంపిన అంచనాలుంటాయి, మీవి వాటితో పోల్చి చూడండి.

నా మార్కులంటారా? స్థానానికి 10కి 9. మాగ్నిట్యూడ్‌కి 2, అది కూడా ఎయిర్‌మాస్ చూపించినందుకు. కానీ హెచ్, స్లోప్ రెండూ మనమే మార్చుకోనిస్తుంది చూశారా, అందుకే ఇది నా ల్యాప్‌టాప్‌లోంచి పోదు. యూజర్ ఫోల్డర్లో ఎస్‌సిస్టమ్ మైనర్ అనే ఐఎన్ఐ ఫైల్ ఉంటుంది. స్టెల్లేరియం మూసేసి, ముందు దానికో కాపీ తీసి, ఆ తర్వాతే చేయి పెట్టండి. స్లోప్ దగ్గర 10 మాత్రం రాయకండి. ఉంటానండీ.