వంటింటి ఫోన్-ఇన్: పాలు, చీజ్ లేని పిజ్జా

యాంకర్: నమస్కారం. ఈరోజు పాలపదార్థాలు లేకుండా ఇంట్లో పిజ్జా. మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా కోడలు పాలు, పెరుగు మానేసింది. పిల్లలేమో పిజ్జా అంటారు. జీడిపప్పు రుబ్బి పైన వేశానండీ. అస్సలు సాగలా, ఎండి పగుళ్లిచ్చింది. అడుగేమో పచ్చి. మైదా మంచిది కాదంటారు గదాని గోధుమపిండే కలిపా...

నిపుణురాలు: ఆగండమ్మా, ఒక్కొక్కటీ చూద్దాం. జీడిపప్పులో ఏం కలిపారు?

కాలర్: ఉప్పు, నిమ్మరసం.

నిపుణురాలు: అందుకే సాగలేదు. పాల చీజ్ సాగేది కేసిన్ అనే ప్రోటీన్ వల్ల. జీడిపప్పులో అది ఉండదు.

కాలర్: పోనీ పనీర్ తురిమితే?

నిపుణురాలు: (నవ్వుతూ) పనీరూ పాలేనమ్మా! 50 గ్రాముల జీడిపప్పు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, 200 మిల్లీలీటర్ల నీళ్లతో మెత్తగా రుబ్బండి. టాపియోకా స్టార్చ్ 3 టేబుల్‌స్పూన్లు, నిమ్మరసం 1, ఉప్పు అర టీస్పూను, ఓ వెల్లుల్లి రెబ్బ. సన్నమంట మీద కలుపుతూనే ఉండాలి. ముందు ఉండలు కడుతుంది, కంగారుపడి దించకండి. ఇంకాసేపటికి నిగనిగలాడుతూ గరిటె వెంట తీగలా లేస్తుంది. అప్పుడు దించి, పిజ్జా మీద చెంచాతో అక్కడక్కడా వేయండి.

కాలర్: టాపియోకా అంటే...

నిపుణురాలు: సగ్గుబియ్యం చేసే కర్రపెండలం పిండే. దొరక్కపోతే సగ్గుబియ్యం మిక్సీ పట్టి జల్లించండి. సరే, ఓవెన్ ఎంతసేపు వేడిచేశారు?

కాలర్: లైటు ఆరిపోయిందాకా. పది నిమిషాలు.

నిపుణురాలు: అదే తప్పు. లైటు ఆరిందంటే లోపలి గాలి వేడెక్కినట్టు, ట్రే కాదు. పిడి లేని ఇనప పెనం బోర్లించి లోపల పెట్టి, 250 డిగ్రీల మీద అరగంట వేడి చేయండి. పిజ్జాను దాని మీదికే జార్చండి. 8 నుంచి 10 నిమిషాలు చాలు.

కాలర్: మరి జీడిపప్పు సాగకపోతే?

నిపుణురాలు: చెప్పాను కదమ్మా, టాపియోకా! నన్నడిగితే ఆ గొడవే వద్దు. ఇటలీలోని నేపుల్స్‌లో మారినారా పిజ్జాకి చీజే ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. ఇక పిండి. ఉత్త గోధుమపిండిలో పొట్టు, పిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్‌ను తెంపేస్తుంది. మైదా 150 గ్రాములు, గోధుమపిండి 100, నీళ్లు 170 మిల్లీలీటర్లు, ఉప్పు 5 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ పావు టీస్పూను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, గంట ముందు బయట పెట్టండి. రెండు పిజ్జాలొస్తాయి.

యాంకర్: థాంక్యూ అమ్మా. కరీంనగర్ కాలర్.

కాలర్: మేడం, పుట్టగొడుగులు, క్యాప్సికం వేస్తే నీళ్లూరి మెత్తగైతుంది.

నిపుణురాలు: పచ్చివి వేయొద్దు. పెద్దమంట మీద వేయించి, నీరు ఇగిరాకే వేయండి. టమాటాల గింజలూ రసమూ పిండేయాలి. సాస్ ఒక్కో పిజ్జాకి 3 టేబుల్‌స్పూన్లు దాటొద్దు. ఓవెన్ అరగంట వేడిచేశారా?

కాలర్: లేదు మేడం.

నిపుణురాలు: అదీ సంగతి.

యాంకర్: హైదరాబాద్ నుంచి...

కాలర్: కొన్న పిజ్జా బేస్‌కి ఆకుపచ్చ చుక్క ఉంది. వాడొచ్చాండీ?

నిపుణురాలు: ఆ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలపొడి ఉండొచ్చు. పాలతో సహా జంతువుల నుంచి వచ్చేవేవీ లేవని చెప్పే వీగన్ గుర్తు వేరు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే ఆ గుర్తు ఆకుపచ్చ ‘వి’ (V) అక్షరం, దాని కోసం చూడండి. లేకపోతే వెనక పదార్థాల జాబితా చదవండి.

యాంకర్: టైమ్ లేదు, ఒక్క ముక్కలో అడగండి.

కాలర్: ఓవెన్ లేదు మేడమ్.

నిపుణురాలు: ఇనప పెనం బాగా కాల్చి, ఒత్తిన పిండి దాని మీద వేసి, బుడగలొచ్చేదాకా ఉంచి తిప్పండి. కాలిన వైపు సాస్, కూరలు వేసి, మూతపెట్టి సన్నమంట మీద 5 నిమిషాలు. పెనం మాత్రం ముందే...

యాంకర్: వేడెక్కాలి. థాంక్యూ మేడమ్.