రెండు పార్టీల అమెరికాలో విశ్వాసి ఓటు

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు నామంలో వందనాలు. ఎన్నికల ఏడాది రాగానే ఇక్కడి తెలుగు సంఘాల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: క్రైస్తవుడు ఏ పార్టీవాడై ఉండాలి? దానికి నేను జవాబు చెప్పబోవడం లేదు. ఈ దేశంలో డెమొక్రాట్లు, రిపబ్లికన్లు అనే రెండే పార్టీలు ఎందుకు నిలిచాయో తెలిస్తే, ఆ ప్రశ్న అడిగే తీరే మారుతుందని నా నమ్మకం.

అమెరికా రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదు. 1796లో వీడ్కోలు సందేశం ఇస్తూ జార్జ్ వాషింగ్టన్ పార్టీ తత్వం వల్ల వచ్చే కీడు గురించి హెచ్చరించారు కూడా. అయినా రెండు పార్టీలు పాతుకుపోయాయంటే ప్రధాన కారణం ఓట్లు లెక్కించే పద్ధతే. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలవడం ఇండియాలోనూ ఉన్నదే. కానీ 1982లో పుట్టిన తెలుగుదేశం మరుసటి ఏడాదే రాష్ట్రంలో అధికారంలోకి రాగలిగింది, ఢిల్లీలో ఎవరికీ మెజారిటీ రానప్పుడు చక్రం తిప్పగలిగింది. ఇక్కడ అధ్యక్షుడు కావాలంటే, ప్రజల ఓటును బట్టి రాష్ట్రాలవారీగా ఎంపికై అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధులైన 538 మంది ఎలెక్టర్లలో 270 మంది కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప తక్కిన 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా ఆ రాష్ట్రపు ఎలెక్టర్లందరూ గెలిచినవారికే దక్కుతారు. 1992లో దేశం మొత్తం మీద దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకున్న స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు ఎలెక్టర్ ఒక్కరూ దక్కలేదు.

అందువల్ల ఇండియాలో ఎన్నికలయ్యాక కూడా కుదిరే పొత్తులు ఇక్కడ ముందే, ఒక్కో పార్టీ లోపలే కుదిరిపోతాయి. గర్భస్రావం, తుపాకులు, పన్నులు, వలసలు, ఆరోగ్య బీమా అన్నీ కలిపి కట్టిన మూటను ఓటరు మొత్తంగా ఎత్తుకోవాలి, లేదా వదిలేయాలి. గర్భస్రావాన్నీ మరణశిక్షనూ కాదంటూనే వలసదారులను ఆదరించమనే కాథలిక్ బిషప్పుల బోధ ఏ మూటలోనూ పూర్తిగా ఇమడదు.

ఈ మూటలు వాక్యాన్ని బట్టి కట్టినవి కావు. అత్యాచారం వంటి సందర్భాల్లోనూ, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని ఉన్నప్పుడూ గర్భస్రావాన్ని చట్టం అనుమతించాలని 1971లో తీర్మానించింది సదరన్ బాప్టిస్టులే (దక్షిణాది రాష్ట్రాల్లో పుట్టిన బాప్టిస్టు సంఘాల సమాఖ్య) అంటే ఈనాడు చాలామంది నమ్మరు. 1976లో సండే స్కూలు బోధకుడైన డెమొక్రాట్ జిమ్మీ కార్టర్‌ను మెచ్చుకున్న సువార్తిక క్రైస్తవుల్లో ఎందరో, 1980 నాటికి రిపబ్లికన్ రోనాల్డ్ రీగన్ పక్షానికి వెళ్లారు. నల్లజాతి బాప్టిస్టుల్లో అత్యధికులు డెమొక్రాట్లతోనే ఉండిపోయారు. ఒకే బైబిలు, ఒకే బాప్తిస్మం, రెండు పార్టీలు!

ఇందులో మన పూర్వికుల కథ కూడా ఉంది. బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చా అన్న తగువుతో 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలిపోయినప్పుడు, శామ్యూల్ డే నెల్లూరులో మొదలుపెట్టిన తెలుగు మిషన్ ఉత్తరాదివారి పక్షాన నిలిచింది. 1878లో ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ నాయకత్వాన ఒక్కరోజే 2,222 మంది, వారిలో అత్యధికులు మాదిగలు, బాప్తిస్మం పొందింది ఆ మిషన్‌లోనే. అటు దక్షిణాది బోధకులు బానిసత్వాన్ని లేఖనాలతోనే సమర్థించుకున్నారు. సదరన్ బాప్టిస్టులు అందుకు క్షమాపణ తీర్మానం చేసేసరికి 1995 వచ్చింది. తమ ప్రాంతపు రాజకీయాన్ని దేవుని చిత్తమని భ్రమపడడానికి ఎంత భక్తిపరులైనా అతీతులు కారని దీన్నిబట్టి నేను అనుకుంటాను.

అయితే ఓటు మానేయమని నేననడం లేదు. మూట కట్టే చోటు ప్రైమరీ ఎన్నిక, అంటే ఒక్కో పార్టీ తన అభ్యర్థిని ఓటర్ల చేత ఎంపిక చేయించుకునే ముందస్తు ఎన్నిక. మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిదీ అదే. మనముంటున్న టెక్సాస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు చెప్పనక్కర్లేదు. మార్చిలో పోలింగు కేంద్రానికి వెళ్లి, ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అక్కడే చెప్పవచ్చు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మేలో మళ్లీ పోలింగు జరుగుతుంది. మార్చిలో ఒక పార్టీ బ్యాలెట్ తీసుకున్నవారు మేలో రెండో పార్టీ బ్యాలెట్ తీసుకోవడానికి వీల్లేదు. ఒకే పార్టీకి పట్టున్న నియోజకవర్గాల్లో అసలు పోటీ ఇక్కడే ముగిసిపోతుంది. కొత్తగా పౌరసత్వ ప్రమాణం చేసినవారు ప్రైమరీకి 30 రోజుల ముందే ఓటరుగా నమోదై ఉండాలి.