నీడ పడే చోట ఏ మొక్క వెయ్యాలి?

[తెర మీద: చెట్టు కింద నేల, తర్వాత ఎత్తైన గోడ పక్కన నేల]

నమస్కారం. "మా పెరట్లో ఎండే రాదండీ, ఏ మొక్క వెయ్యమంటారు?" అని చాలామంది అడుగుతుంటారు. మొక్క పేరు చెప్పేముందు నేను తిరిగి అడిగేది ఒకటే. ఆ నీడ చెట్టుదా, గోడదా?

చెట్టు కింద ఆకుల సందుల్లోంచి ఎండపొడ పడుతూనే ఉంటుంది. వెలుగు ఫర్వాలేదు కానీ నేల పొడి. వాన నీళ్లు కొన్ని కొమ్మల మీదే ఆగిపోతాయి, కిందికొచ్చిన వాటిని చెట్టు వేర్లు ముందే లాగేసుకుంటాయి. గోడ పక్కన కథ వేరు. చాలాచోట్ల అక్కడ చెమ్మ తొందరగా ఆరదు, వెలుగు మాత్రం తక్కువ.

[తెర మీద: తెల్ల కాగితం పైన చెయ్యి]

వెలుగెంతుందో తెలియాలంటే, మిట్టమధ్యాహ్నం ఆ చోట కాగితం పెట్టి, దానికి కాస్త పైన చెయ్యి అడ్డం పెట్టండి. కాగితం మీద పడ్డ నీడలో వేళ్లు మసకగానైనా విడివిడిగా కనిపిస్తే ఓ మోస్తరు వెలుగున్నట్టు. నీడే సరిగ్గా పడకపోతే అది చిక్కటి నీడ. నేరుగా ఎండ ఎన్ని గంటలు తగులుతుందో కూడా ఒకరోజు రాసుకోండి. 3 నుంచి 6 గంటలైతే సగం నీడ, 3 గంటల లోపైతే పూర్తి నీడ. పొద్దుటి నీరెండ లేత ఆకులకు హాయి. మధ్యాహ్నపు ఎండ అదే ఆకుల్ని మాడ్చేస్తుంది.

[తెర మీద: మొక్కలు ఒక్కొక్కటిగా]

చెట్టు కింద పొడి నేలకు స్నేక్ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, జీజీ ప్లాంట్ బాగుంటాయి. మూడూ నీళ్లు దాచుకునే రకాలే. నాటేటప్పుడు చెట్టు పెద్ద వేర్లను మాత్రం నరక్కండి. గోడ పక్కన చెమ్మకు ఫెర్న్‌లు, పీస్ లిల్లీ, సింగోనియం వేసుకోవచ్చు. ఫెర్న్ కొత్త ఆకు చుట్ట విప్పుకుంటుంటే చూడటం నాకెంతో ఇష్టం. చలికి నేల గడ్డకట్టే ప్రాంతాల్లో ఇవన్నీ బతకవు. అక్కడ హోస్టా, చలికి తట్టుకునే ఫెర్న్‌లు నయం.

తెల్ల మచ్చల ఆకుల్ని చూసి మురిసి కొనేస్తాం. ఆ తెల్లని భాగంలో పత్రహరితం ఉండదు కాబట్టి చిక్కటి నీడలో ఆ మొక్క నీరసిస్తుంది, లేదా కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి. దాన్ని సగం నీడలో పెట్టండి. పూలు కావాలంటే బిగోనియా కూడా అక్కడే. మందార, టమాటా నీడలో వద్దు. పుదీనా, పాలకూర సగం నీడకు సర్దుకుంటాయి.

పెంపుడు జంతువులు, చిన్నపిల్లలు ఉంటే పీస్ లిల్లీ, సింగోనియం అందనిచోట ఉంచండి. నమిలితే నోరు మండుతుంది.

[తెర మీద: మట్టిలో వేలు]

ఇక నీళ్లు. చెట్టు వేర్లు నీళ్లు లాగేసే చోట తప్ప, నీడలో మట్టి నెమ్మదిగా ఆరుతుంది, అందుకే రోజూ పోస్తే వేర్లు కుళ్లిపోతాయి. రెండు కణుపుల లోతు వేలు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. కాండం సన్నగా సాగి, ఆకుల మధ్య దూరం పెరిగి, మొక్క ఒక వైపుకే వంగుతోందంటే దానికి వెలుగు చాలట్లేదు. కుండీలో మొక్కైతే, కుండీని రెండడుగులు వెలుగు వైపు జరపండి.