హారోగేట్‌లో అమ్మకు దొరికిన మీగడ

నమస్కారమండీ. అమ్మా నాన్నా లీడ్స్‌లో మా ఇంటికి వచ్చి మూడు వారాలయింది. ఇంగ్లీషు వాళ్ల మధ్యాహ్నపు టీ రుచి చూపించకుండా పంపించడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈ రోజు రైలెక్కి హారోగేట్‌లోని బెట్టీస్‌కు వచ్చాం. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ బెల్మాంట్ 1919లో మొదలుపెట్టిన టీ దుకాణమిది.

ఇదిగో, మూడంతస్తుల స్టాండు వచ్చేసింది. అడుగు పళ్లెంలో అంచులు కోసేసిన సన్నని సాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్లు అనే చిన్న గుండ్రటి మెత్తని రొట్టెలు, పైన బుల్లి కేకులు. కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి. అమ్మకు మాంసం, చేప పడవు కాబట్టి శాకాహారమే కావాలని ముందే చెప్పి ఉంచాను.

నాన్న టీ వడకట్టుకుంటూ ఈ అలవాటు ఎవరిదని అడిగారు. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ ఆన్నాకు సాయంత్రం నాలుగింటికే ఆకలి వేసేదట. రాత్రి భోజనాలేమో బాగా ఆలస్యం. అందుకని టీ, రొట్టె, కేకు తన గదికి తెప్పించుకునేవారని చెబుతారు. చాలామంది దీన్ని హై టీ అంటారు కానీ, అది పని నుంచి ఇల్లు చేరినవాళ్లు సాయంత్రం కడుపునిండా తినే భోజనం.

ఇక అసలు సంగతి. స్కోనుతో చిన్న గిన్నెలో క్లాటెడ్ క్రీమ్ ఇచ్చారు. అమ్మ చెంచా కొసన కాస్త తీసి నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. "ఇది మా అమ్మ దాలిలో కాచిన పాల మీగడే కదే!" అంది. నిజమే! వెన్న శాతం ఎక్కువున్న క్రీమును సన్నని వేడి మీద గంటల తరబడి ఉంచి, కదపకుండా చల్లారిస్తే పైన బంగారు రంగు తెట్టు కడుతుంది. మా అమ్మమ్మ పిడకల దాలిలో పాలకుండ పెట్టి రోజంతా వదిలేసేది. ఇన్నేళ్లుగా ఇక్కడ స్కోన్లు తింటున్నా నాకు ఆ పోలిక తట్టనేలేదు.

స్కోను మీద జామ్ ముందా, క్రీమ్ ముందా అన్నది ఇక్కడ పెద్ద తగవు. ఇంగ్లండ్ నైరుతి కొసన పక్కపక్కనే ఉన్న రెండు ప్రాంతాల్లో, కార్న్‌వాల్‌లో జామ్ ముందు, డెవన్‌లో క్రీమ్ ముందు. అమ్మ తడుముకోకుండా మీగడే ముందు రాసింది.

తిరిగి వస్తూ, ఆ మీగడ ఇంట్లోనే చేద్దామని వెన్న శాతం ఎక్కువుండే డబుల్ క్రీమ్ కొన్నాం. ఇప్పుడది వెడల్పాటి పళ్లెంలో, 80 డిగ్రీల ఓవెన్‌లో ఉంది. పన్నెండు గంటలు పడుతుంది. అమ్మ మాత్రం అప్పుడే రెండుసార్లు వెళ్లి చూసి వచ్చింది.