మా పెద్దమ్మ కన్ను, చైనా గోళీలు

అందరికీ నమస్కారం అండీ.

"కంటి వెనక రెటీనాలో షుగర్ మార్పులు మొదలయ్యాయమ్మా. ఇప్పుడే లేజర్ అక్కర్లేదు, ఇంజెక్షన్ అక్కర్లేదు. షుగరు, బీపీ అదుపులో పెట్టుకుని ఆర్నెల్లకి రండి." మా పెద్దమ్మకి కంటి డాక్టర్ చెప్పింది ఇంతే. ఆటో ఎక్కగానే ఆవిడ నన్నడిగింది: "జబ్బుందంటారు, మందు లేదంటారు. ఇదేం చోద్యంరా?"

ఆవిడ అడిగినదాంట్లో న్యాయముంది. ఈ దశలో రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడతాయి. అక్కడక్కడా బుడిపెల్లా ఉబ్బి, కొద్దికొద్దిగా కారతాయి. చూపు మాత్రం బాగానే ఉంటుంది. లేజర్, ఇంజెక్షన్లు ఎక్కువగా ముదిరాక చేసేవి. అప్పటిదాకా ఏం చెయ్యాలి? చైనాలో ఈ దశలోనే మూలికల మందు రాస్తారు.

షుగర్ లాంటి జబ్బుని వాళ్ల పాత వైద్యం 'షియావ్‌ఖ' అంటుంది. కృశించడం, దాహం అని ఆ రెండు ముక్కలకీ అర్థం. జబ్బు ఏళ్ల తరబడి ఉంటే ఒంట్లో సత్తువ తరిగి, రక్తం నడక మందగించి నిలిచిపోతుందని వాళ్ల లెక్క. అందుకే రక్తాన్ని కదిలించే మూలికలు ఇస్తారు. వాటిలో ముఖ్యమైనది డాన్‌షెన్. మన తులసి కుటుంబపు మొక్కేనండీ, దాని ఎర్రటి వేరునే మందుగా వాడతారు. అందులో జిన్‌సెంగ్‌కి చుట్టమైన సాన్‌చీ వేరు, కర్పూరం వాసన వచ్చే బోర్నియోల్ కలిపి చిన్న గోళీలు చేస్తారు. గుండెనొప్పికి కూడా అక్కడ ఇవే వాడతారు.

ఈ గోళీల మీద చైనాలో చేసిన ఒక ట్రయల్, అంటే రోగుల మీద మందు పరీక్ష, 2015లో అచ్చయింది. 223 మంది, 24 వారాలు. కొందరికి మందు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త గోళీ. ఎవరికి ఏది వెళ్లిందో డాక్టర్లకీ తెలీదు. రంగు మందు ఎక్కించి తీసే కంటి ఫోటోల్లో, మధ్య మోతాదు, పెద్ద మోతాదు వాడినవాళ్లలో 74–77 శాతం మందికి మెరుగు కనిపించింది. ఉత్త గోళీ వాళ్లలో 28 శాతమే.

దీన్ని నేను కొట్టిపారెయ్యను. కానీ మెరుగైంది ఫోటో. చూపు పోకుండా ఆగిందా అన్నది ఏళ్లు గడిస్తేగానీ తెలిసేది కాదు. షుగర్ గట్టిగా అదుపు చేస్తే కన్ను నిలుస్తుందని 1993లో అమెరికా వాళ్లు తేల్చింది కూడా, 1,400 మందికి పైగా మనుషుల్ని సగటున ఆరున్నరేళ్లు చూశాకే. 24 వారాల ఫలితం చూసి మా పెద్దమ్మకి ఆ గోళీలు తెప్పించడానికి నాకు మనసొప్పలేదు.

భయం కూడా ఉంది. డాన్‌షెన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మాత్రతో కలిస్తే రక్తం మరీ పలచబడి లోపల కారొచ్చు. 'షియావ్‌ఖ' పేరుతోనే అక్కడ ఒక షుగర్ గోళీ ఉంది. అందులో మూలికలతో పాటు షుగర్ తగ్గించే గ్లిబెన్‌క్లమైడ్ కూడా ఉంటుంది. అది అల్లోపతి మందే! మూలికే కదా అని మామూలు మాత్రల మీద అది కూడా వేసుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. ఇక 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో సన్నబడే మందులో ఒక చైనా మూలికకి బదులు ఇంకొకటి కలిసి, ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పోయాయి. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలు అసలే సున్నితం. ఆన్‌లైన్‌లో కొన్న పొడిలో ఏముందో మనకెవరు చెబుతారు?

పెద్దమ్మ ప్రశ్నకి ఇంకో జవాబు వేరే వైపు నుంచి వస్తోంది. ఫెనోఫైబ్రేట్ అని, రక్తంలో కొవ్వుకి వాడే పాత మాత్ర. స్కాట్లండ్‌లో తొలిదశ వాళ్లు 1,151 మందిపై చేసిన ట్రయల్ 2024లో వచ్చింది. ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో జబ్బు ముదరడం, చికిత్స దాకా వెళ్లడం 27 శాతం తగ్గింది. కిడ్నీ పరీక్ష చూడకుండా వాడేది కాదు కాబట్టి సొంతంగా కొనొద్దు, డాక్టర్ని అడగండి.

పెద్దమ్మకి వచ్చే నెల్లో మళ్లీ చెకప్. ఈసారి ఆవిడ వేసుకునే మాత్రలన్నీ, పక్కింటావిడ ఇచ్చిన కషాయం పొడితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్తున్నాం. కంట్లో చుక్కలేస్తారు, కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది. అందుకే బండి నేనే తోలుతాను.