ఈదుముడి ప్రశ్నకు సుప్రీంకోర్టు రెండు జవాబులు

నమస్కారం అండీ. మొన్న ఒంగోలులో అద్దంకి బస్టాండ్ దగ్గర టీ తాగుతుంటే ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి అడిగారు. "ఎస్సీ వర్గీకరణ చెల్లదని 2004లో చెప్పింది సుప్రీంకోర్టే. 2024లో చెల్లుతుందన్నదీ అదే కోర్టు. రాజ్యాంగం మారలేదు కదా నాయనా, జడ్జీలు మారితే న్యాయం మారిపోద్దా?" అని. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే ఈ వీడియో.

ఈ వ్యవహారం మొదలైంది మన ప్రకాశం జిల్లాలోనే. నాగులుప్పలపాడు మండలం ఈదుముడిలో 1994 జులై 7న మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఎస్సీలకిచ్చే 15 శాతంలో మా వాటా మాకు రావట్లేదు, జనాభాను బట్టి పంచండి అన్నది వాళ్ల మాట. అలా పంచితే ఎస్సీల ఐక్యత దెబ్బతింటుందని మాల మహానాడు గట్టిగా వ్యతిరేకించింది. 2000లో రాష్ట్రం చట్టం చేసి, ఎస్సీ కులాలను ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రూపులు చేసి, ఆ 15 శాతాన్ని వాటికి 1, 7, 6, 1 చొప్పున పంచింది. హైకోర్టు సరేనంది. ఈవీ చిన్నయ్య కేసుగా అది ఢిల్లీ చేరింది. 2004 నవంబర్ 5న అయిదుగురు జడ్జీలు ఒక్క మాట మీద ఆ చట్టాన్ని కొట్టేశారు.

ఎందుకు కొట్టేశారో ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి. రాజ్యాంగంలో 341వ అధికరణం ఉంది. రాష్ట్రపతి ప్రకటించిన కులాలను షెడ్యూల్డ్ కులాలుగా "భావించాలి" అని దాని సారం. ఆ జాబితాలో ఒక పేరు చేర్చాలన్నా, తీసేయాలన్నా పార్లమెంటే చేయాలి. ఇరవై ఏళ్ల వాదన ఆ "భావించాలి" అనే మాట చుట్టూనే తిరిగింది. జాబితాలోకి వచ్చాక అందరూ ఒకే వర్గం, దాన్ని రాష్ట్రం విడదీస్తే జాబితా మీద చెయ్యి వేసినట్టే అని 2004లో చదివారు. 2024లో మెజారిటీ జడ్జీలు అదే మాటను ఇంకోలా చదివారు. ఎవరు ఎస్సీలో గుర్తుపట్టడం వరకే ఆ జాబితా పని, లోపలున్న వాళ్లంతా ఒకే మెట్టు మీద ఉన్నారని అది ఎక్కడా చెప్పలేదు అన్నారు.

నా మనసుకు రెండోదే సరిగ్గా తోస్తుంది. 2024 మెజారిటీలో ఒకరైన జస్టిస్ గవాయ్ తన తీర్పులో రైలు జనరల్ బోగీ పోలిక తెచ్చారు. కష్టపడి లోపలికి ఎక్కినవాళ్లే తర్వాత వచ్చేవాళ్లను ఎక్కనివ్వకుండా చూస్తారు అని. పండగ రోజుల్లో మన స్టేషన్లో రైలెక్కినవాళ్లకు దాన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అయితే కొత్త జడ్జీలు వచ్చి, పాతది నచ్చలేదని కొట్టేయడం కుదరదు. అయిదుగురు చెప్పినదాన్ని ముగ్గురు తీసేయలేరు. ఇంకో అయిదుగురు కూడా తీసేయలేరు. ఇంకా పెద్ద బెంచ్ కావాలి. ఆ దారి పంజాబ్ నుంచి వచ్చింది. వాళ్ల 2006 చట్టంలోని ఎస్సీ వర్గీకరణ సెక్షన్‌ను 2010లో అక్కడి హైకోర్టు కొట్టేసింది, మన చిన్నయ్య తీర్పునే చూపించి. ఆ అప్పీలు సుప్రీంకోర్టుకొచ్చింది. 2014లో ముగ్గురు జడ్జీలు అయిదుగురికి పంపారు. 2020లో ఆ అయిదుగురు, చిన్నయ్య తీర్పు మాకు సరిగ్గా అనిపించట్లేదు, కానీ మేమూ అయిదుగురమే అని ఏడుగురికి పంపారు. తప్పనిపించినా తమ హద్దు దాటలేదు. ఆలస్యం బాధగానే ఉంది, కానీ ఈ క్రమశిక్షణ లేకపోతే ఏ తీర్పూ నిలబడదు.

ఏడుగురి ముందు వాదనలు మూడు రోజులే, 2024 ఫిబ్రవరి 6 నుంచి 8 వరకు. తర్వాత తీర్పు రిజర్వ్ చేశారు, అంటే వెంటనే చెప్పకుండా తర్వాతకు ఉంచారు. చాలామంది అసలు పనంతా కోర్టు హాల్లోనే అయిపోతుందనుకుంటారు. రిజర్వ్ చేశాకే ఎక్కువ ఉంటుంది. పాత తీర్పులు తిరగేస్తారు, ఒకరు రాసిన ముసాయిదా మిగతావాళ్లు చదువుతారు. నచ్చితే కలుస్తారు, లేదంటే తమది తాము రాసుకుంటారు. ఆగస్టు 1న వచ్చింది 565 పేజీలు, ఆరు తీర్పులు. ఆరుగురు ఒకవైపు, జస్టిస్ బేలా త్రివేది ఒక్కరే ఇంకోవైపు. జాబితాను కదిపే హక్కు రాష్ట్రానికి లేదన్నారు ఆమె. చిన్నయ్య తీర్పును మళ్లీ చూడాలని 2014లో అడిగిన బెంచ్ కారణాలే రాయలేదని కూడా తప్పుపట్టారు. ఆ రెండో మాటలో పస ఉంది. నేను మెజారిటీ వైపున్నా ఆ పేజీలు రెండుసార్లు చదివాను.

మెజారిటీ కూడా రాష్ట్రాలకు పగ్గాలు పూర్తిగా వదల్లేదు. ఒక్క ఉపవర్గానికే సీట్లన్నీ ఇవ్వకూడదు, వెనకబాటును లెక్కలతో చూపించాలి, కోర్టు దాన్ని మళ్లీ పరిశీలించవచ్చు. ఆ తర్వాతే మన రాష్ట్రంలో ఏకసభ్య కమిషన్ వేశారు. 2025 ఏప్రిల్లో ఆర్డినెన్స్ వచ్చింది. మూడు గ్రూపులు, 1, 6.5, 7.5 శాతం.

ఈదుముడిలో ఆ జులై నెలలో పుట్టిన బిడ్డకు తీర్పు వచ్చేసరికి ముప్పై ఏళ్లు నిండాయి. ఉద్యోగ పరీక్షలు రాసే వయసు చాలావరకు ఆ నిరీక్షణలోనే గడిచిపోయింది. టీ దగ్గర ఆ పెద్దాయన మళ్లీ కనపడితే 341 గురించి చెప్పాక, ఈ ముప్పై ఏళ్ల గురించి ఆయన్నే అడగాలనుకుంటున్నాను.