అమ్మ కొంగుకు మిర్చి వాసన

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఇంత ఎండలో హన్మకొండ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ నాకిచ్చింది పది నిమిషాలే, క్షమించాలి.

ఇష్టమైన వాసనల గురించి మాట్లాడమన్నారు. ఇంతకుముందు మిత్రులు మల్లెల గురించి, తొలకరి గురించి చక్కగా చెప్పారు. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్, చినుకు పడగానే గాల్లోకి లేస్తుంది. తొలకరి వాసనలో మనకు తెలిసేది ముఖ్యంగా అదే. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే శాస్త్రవేత్తలు ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టారు. దానికి పేరు పెట్టేవాళ్లూ దొరికారు, కవులూ దొరికారు. నా వాసన మీద కవిత్వం నేనెక్కడా వినలేదు. అందుకే ఇక్కడికొచ్చాను.

నాది మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఎండుమిర్చి వాసన.

సంక్రాంతి దాటితే మిర్చి బస్తాలు దిగుతాయి. మా అమ్మ తొడిమలు తీసే కూలికి పోయేది. పట్టా మీద కాయల కుప్ప, ముక్కుకు అడ్డంగా కొంగు. ఎడమచేత్తో కాయ పట్టుకుని కుడిచేతి బొటనవేలి గోటితో తొడిమ గిల్లేది. చపాటా కాయ చూశారు కదా, టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు పంటేననే గుర్తింపు వచ్చింది, మనందరం సంబరపడ్డాం. ఆ కాయ ఎండినాక వాసన చూడండి. కొంచెం తీపి, కొంచెం ఎండిన పండు వాసన. ఘాటు వేరు, వాసన వేరు. మంటపుట్టించే క్యాప్సైసిన్‌కు అసలు వాసనే లేదు, అది మంట తెలిపే నరాలను తాకుతుంది. మనం దగ్గి, ముక్కు మూసుకుని వెళ్లిపోతాం, అసలు వాసన దాకా పోనే పోము.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఈ సంగతి నేను పుస్తకాల్లో చదివాను. అమ్మ చదవకుండానే ముందు మంచినూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కునేది. అయినా నమ్మకం లేదు ఆమెకు. నేను ఉరికి పోయి పట్టుకోబోతే ‘ఆగు బిడ్డా, నా చేతులు మండుతయ్’ అని రెండు చేతులూ పైకెత్తేది. తర్వాత వంగి మోచేతితో నా చెంప నిమిరేది. మిర్చి సీజన్ అంతా అంతే. ఆ మోచేయి గరుకుగా ఉండేది. కొంగు నా మొహానికి తగిలేది, ఆ వాసన అప్పుడు వచ్చేది.

బడి సంగతి చెప్పకుండా దిగలేను. నా బట్టలూ అమ్మ చీరా ఒకే బకెట్లో నానేవి. ఒకరోజు క్లాసులో సారు ‘ఈ ఘాటు ఎవరి దగ్గర్నుంచి?’ అన్నారు. పిల్లలంతా కావాలని దగ్గారు. నన్ను లేపి కిటికీ పక్కన కూర్చోబెట్టారు, ఆ సంవత్సరమంతా అక్కడే. అమ్మతో ఈ మాట ఎన్నడూ అనలేదు. అనుంటే ఆమె పని మానేసేది, మేం తినేదే ఆ పని మీద.

ఈ సభలో టీచర్లున్నారు. అమ్మా, అయ్యా, పిల్లల బట్టల వాసన గురించి పదిమందిలో మాట్లాడకండి. దండం పెట్టి అడుగుతున్నా.

మేడారం జాతరకు పోయొచ్చినవాళ్ల సంచికి బెల్లం వాసన అంటుకుంటుంది. ఆ బెల్లాన్నే బంగారమని కళ్లకద్దుకుంటాం. తెచ్చిన ప్రసాదం వాడకట్టంతా పంచుతాం. మరి కూలికి పోయొచ్చిన మనిషి వాసనకు దూరం ఎందుకు జరుగుతాం? 1934లో పెట్టిన ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేసినవాళ్ల పిల్లలు, మనవలు ఇక్కడ తప్పక ఉంటారు. మీ నాయిన చొక్కాకు ఏ వాసనుండేది? బీడీలు చుట్టిన అమ్మలున్నవాళ్లు చేతులెత్తండి. ఆ... చూశారా ఎంతమందో! మీరెందుకు తొలకరి గురించే మాట్లాడతారు?

మెదడులో చూపు, వినికిడి థాలమస్ అనే చోట ఆగి లోపలికి పోతాయి. వాసన అక్కడ ఆగకుండానే, భావోద్వేగాలూ జ్ఞాపకాలూ ఉండే చోటికి చేరుతుందంటారు. నాకు పోపులో మిరపకాయ మాడితే చాలు, మోచేయి గుర్తొస్తుంది. ఫొటో చూస్తే ఇంత రాదు. అమ్మకున్నది ఒకటే ఫొటో, రేషన్ కార్డుది.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. ఒక్క మాట. మార్కెట్ వ్యాపారులు కూడా ఇక్కడున్నారు, లోపలికి వస్తుంటే చూశాను. ఇప్పటికీ తొడిమలు తీస్తున్నది ఆడవాళ్లే. వాళ్ల చంటిపిల్లలకు మిర్చికి దూరంగా నీడలో ఒక గది ఇవ్వండి. ముక్కుకు మాస్కులివ్వండి. నల్లా దగ్గర సబ్బుతో పాటు ఒక డబ్బా మంచినూనె పెట్టండి. బస్తా ధరలో అదేమంత ఖర్చు కాదు. చేతులు కడుక్కుని ఇంటికి పోతే పిల్లల్ని చేతులతోనే ఎత్తుకుంటారు.